పేరు పోయింది.. నంబరు మిగిలింది
పాత డిస్కులో పాటలున్నా తెరుచుకోని వైనం

బళ్లారి: డిస్కు తిరుగుతోంది. ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. క్లిక్ చేస్తే మాత్రం ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. ఇక్కడి ఓ చిన్న తెలుగు సంఘానికి ఎదురైన చిక్కు ఇది. ముసలమ్మల చేత పాడించి రికార్డు చేసిన పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు అందులో ఉన్నాయి. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. పాత కంప్యూటర్ చెడిపోతే డిస్కు ఊడదీసి కొత్తదానికి తగిలించారు. అంతే, తాళం పడింది. రిపేరు కొట్టులో చూపిస్తే ఫార్మాట్ చేయాలన్నారు.

సంఘం కార్యదర్శి రిటైరైన తెలుగు పండితుడు. ఒప్పుకోలేదు. సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన శిష్యుడి ముందు డిస్కు పెట్టారు. ‘‘పాటలున్నాయా, పోయాయా.. అదొక్కటి చెప్పు నాయనా’’ అన్నారు. ‘‘ఎక్కడికీ పోలేదు సార్. వీటి ఓనరు ఎవరో ఈ కంప్యూటరుకు తెలీడం లేదు’’ అన్నాడు కుర్రాడు.

పేరు మనకు.. నంబరు దానికి

రెండు కంప్యూటర్లలోనూ ఉన్నది లినక్సే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ బాటలోనే ఇదీ నడుస్తుంది. ఇందులో ప్రతి ఫైలుకూ ఓ యజమాని, ఓ గ్రూపు ఉంటాయి. అయితే డిస్కు మీద రాసి ఉండేది యజమాని పేరు కాదు, నంబరు. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే ఉంటుంది. ‘ఈటీసీ’ ఫోల్డరులోని పాస్‌వర్డ్ ఫైలు అదే. పేరుకు పాస్‌వర్డ్ ఫైలే గానీ, ఇప్పుడు అందులో పాస్‌వర్డులు ఉండవు.

పొలానికి సర్వే నంబరు ఉన్నట్టు అనుకోండి. పహణీ పుస్తకం వేరే ఊళ్లో ఉండిపోతే పొలం ఎవరిదో ఎలా తెలుస్తుంది? సరిహద్దు దాటితే మన ఇంటిపేర్లు, ఇనీషియళ్లు తారుమారు కావడం మనకు అలవాటే. ఇక్కడ మాత్రం పేరు ఎలా రాసినా పర్వాలేదు, నంబరు కలిస్తే చాలు.

సంఘం పాత కంప్యూటర్‌లో సెంట్ఓఎస్ 6 ఉండేది. రెడ్ హ్యాట్ కుటుంబంలో అప్పట్లో మామూలు యూజర్ల నంబర్లు 500 నుంచి మొదలయ్యేవి. 2014లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి అది 1000 అయింది. కొత్త కంప్యూటర్‌లోని ఉబుంటులోనూ 1000 నుంచే. కాబట్టి పాటల ఓనరు 500, కార్యదర్శి అకౌంటు 1000. ఇద్దరి పేర్లూ ఒకటే అయినా కంప్యూటర్ లెక్కలో వేర్వేరు మనుషులు.

తాళం తీశారిలా

కుర్రాడు ముందు ఏదీ మార్చలేదు. ‘ఎల్‌ఎస్ -ఎల్ఎన్’ కమాండుతో ఏ ఫోల్డరు ఏ నంబరుదో చూశాడు. 500, 501, 502 కనిపించాయి. పాత డిస్కులోనే ఉన్న పాత పాస్‌వర్డ్ ఫైలు తెరిచాడు. 500 కార్యదర్శి, 501 అప్పటి టైపిస్టు అని తేలింది. నంబర్లు చెదరకుండా మొత్తం వేరే డిస్కుకు కాపీ తీసి, ఆ కాపీ మీదే ‘చౌన్’ కమాండు వాడాడు. ఛేంజ్ ఓనర్ అనేదానికి కుదింపు అది. 500 నంబరువి మాత్రమే 1000కి మార్చమని చెప్పాడు. పాటలు పలికాయి.

చాలామంది ఇలాంటప్పుడు ‘సీహెచ్‌మాడ్ 777’ కొట్టేస్తారు. అది తాళం తీయడం కాదు, తలుపులు పీకేయడం. ఆ కంప్యూటర్‌లో అకౌంటు ఉన్న ఎవరైనా ఫైళ్లు చెరిపేయొచ్చు. ఇంకొందరు సిస్టం మొత్తానికీ ఓనరు తామేనని చౌన్ చేస్తారు. అప్పుడు ‘సుడో’ కూడా మొరాయిస్తుంది. దాని ఓనరు సున్నా నంబరు, అంటే రూట్ అయి తీరాలి.

చిన్న పొరపాటు కుర్రాడూ చేశాడు. టైపిస్టుకు కొత్త అకౌంటు తెరిచి, అందరూ వాడుకునేలా ఓ గ్రూపు పెట్టి, కార్యదర్శినీ అందులో చేర్చబోయాడు. ‘యూజర్‌మాడ్’ కమాండులో పెద్ద జీకి ముందు చిన్న ఏ రాయడం మరిచాడు. కార్యదర్శి అకౌంటు పాత గ్రూపులన్నింటిలోంచీ బయటపడింది, సుడో గ్రూపుతో సహా. రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేయడానికి గంట పట్టింది. చేర్చాక కూడా ఫోల్డరు తెరుచుకోలేదని మళ్లీ కంగారు. లాగౌట్ అయి లాగిన్ అయితేగానీ కొత్త గ్రూపు అమల్లోకి రాదు మరి.

502 ఎవరిది?

పాత జాబితాలో 502 లేదు. ఎవరో పని మానేసినప్పుడు అకౌంటు తీసేసి ఉంటారు, ఫైళ్లు మిగిలిపోయాయి. ఆ పాత కంప్యూటర్‌లోనే ఇంకొకరికి కొత్త అకౌంటు తెరిచి ఉంటే, ఖాళీగా ఉన్న 502 వారికే దక్కేది. వెళ్లిపోయినవారి ఫైళ్లకు వారే ఓనరయ్యేవారు. అందుకే ఉద్యోగి వెళ్లగానే అకౌంటు తీసేయకుండా ముందు లాక్ చేసి, ‘ఫైండ్’ కమాండుతో ఆ నంబరు మీద ఉన్నవన్నీ వెతికి ఎవరికి చెందాలో తేల్చాలంటాడు కుర్రాడు.

ఆ ఫోల్డరులో పదకొండు రికార్డింగులున్నాయి. విన్నవారెవరూ గొంతు గుర్తుపట్టలేదు. దాని ఓనరును మార్చొద్దని కార్యదర్శి చెప్పారు. పాత సభ్యులకు ఫోన్లు చేస్తున్నారు.