ఆస్తికి పంపకం ఉంది, అమ్మ మాసికానికి లేదు

తల్లి గతించిన తరువాతి మొదటి సంవత్సరానికి పెద్దలు ఇన్ని నియమాలు ఎందుకు విధించారో అమ్మ పోయేవరకు నాకు బోధపడలేదు. మేము ముగ్గురం. నేను సూర్యాపేటలో, తమ్ముడు కోదాడలో, చెల్లెలు మిర్యాలగూడలో స్థిరపడ్డాం. ఒకరి క్షేమం ఒకరికి అమ్మ ద్వారానే తెలిసేది. చివరి ఎనిమిది నెలలు ఆమె చెల్లెలి ఇంటనే మంచాన ఉన్నది.

కర్మలు ముగిసిన మరునాడే అమ్మ గొలుసు, గాజులు నేనూ తమ్ముడూ పంచుకున్నాం. చెల్లెలిని అడగలేదు. ఆమె ఏమీ అనలేదు; ఫోన్ చేయడం మాత్రం మానివేసింది.

మాసికాలు ఎవరి ఇంట వారు పెట్టుకుందామని తమ్ముడు ప్రతిపాదించాడు. మా పురోహితుల వారిని అడిగాను. ఆయన వివరించిన ధర్మం ఇది. మరణించిన ఏడాది శ్రాద్ధాలు 16. నెలనెలా వచ్చే మాసికాలు 12. వాటికి తోడు ఊనమాసికం, త్రైపక్షికం, ఊనషాణ్మాసికం, ఊనాబ్దికం. సపిండీకరణం పన్నెండవ రోజునే జరిగినా మాసికాలు ఏడాది పొడవునా సాగుతాయి. ఆస్తి పంచుకొని వేరుపడిన అన్నదమ్ములు ఆ తరువాతి ఆబ్దికాలను విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈ 16 శ్రాద్ధాలను మాత్రం, విభక్తులైనా సరే, ఒక్కరే కర్తగా జరిపించాలి.

దుఃఖం పచ్చిగా ఉన్న ఏడాదిలోనే మాట పట్టింపులు బలపడతాయి. సరిగ్గా ఆ ఏడాదిలోనే తోబుట్టువులు నెలకొకసారి ఒకే పంక్తిలో కూర్చోవలసిన ఏర్పాటు ఇది అని నాకు తోచింది.

స్త్రీధనం సంగతి కూడా అడిగాను. తల్లి ధనాన్ని యాజ్ఞవల్క్య స్మృతి కూతుళ్లకే చెప్పింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం సైతం తల్లి ఆస్తిలో కుమారునితో సమానంగా కుమార్తెకు వాటా ఇచ్చింది. శాస్త్రం ప్రకారమూ, చట్టం ప్రకారమూ తప్పు మాదే.

మూడవ మాసికాన్ని వాడపల్లిలో జరిపించాం. మా సూర్యాపేట వైపు నుండి పారే మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో స్వామి నాసిక ఎదుట ఉన్న దీపం ఆయన ఊపిరికి కదులుతుందని, పాదాల చెంత దీపం నిశ్చలంగా ఉంటుందని భక్తుల విశ్వాసం. ఆ సన్నిధిలో బంగారాన్ని చెల్లెలి చేతిలో పెట్టాము. ఆమె తీసుకున్నది. తరువాత మెల్లగా అన్నది: "అన్నయ్యా, ఆఖరి రోజుల్లో అమ్మ ఏం మాట్లాడిందో మీరిద్దరూ నన్ను ఒక్కసారైనా అడగలేదు."

అప్పుడు అడిగాము. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని ఆమె పొద్దు వాలేదాకా చెప్పింది. తమ్ముడు చిన్నపిల్లవానివలె ఏడ్చాడు.

శ్రద్ధతో చేసేదే శ్రాద్ధం. చనిపోయిన వారి పట్ల ఉన్న శ్రద్ధ, వారు విడిచి వెళ్లిన వారి పట్ల కూడా ఉండాలి. భక్తమహాశయులు తల్లి పేరిట అన్నదానానికి విరాళం సమర్పించేటప్పుడు రసీదులో కుమారుల పేర్లతోపాటు కుమార్తెల పేర్లు కూడా వ్రాయించవలసిందిగా నా మనవి. మా అమ్మ ఆబ్దికం నాటి రసీదులో మూడు పేర్లు ఉన్నాయి.