స్వరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్: ముందు చూడాల్సింది బయటి దారి

2024 ఆగస్టు 26న మేక్‌మ్యూజిక్ అనే అమెరికా కంపెనీ తన ‘ఫినాలే’ సాఫ్ట్‌వేర్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని, అమ్మకాలు కూడా ఆపేస్తున్నామని ప్రకటించింది. 1988లో వచ్చిన ఫినాలే ఊరూపేరూ లేనిదేం కాదు. హాలీవుడ్, బ్రాడ్‌వే సంగీతకారులు, స్వరపుస్తకాల ప్రచురణకర్తలు, సంగీత కళాశాలలు దశాబ్దాల పాటు నమ్ముకున్న సరుకు. ఏడాది దాటితే కొత్త కంప్యూటర్లో యాక్టివేట్ చేసుకోవడం కూడా కుదరదని మొదట చెప్పారు. వాడేవాళ్లు గగ్గోలు పెట్టాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. డబ్బు పోతే పోయింది, అందులో దాచుకున్న వేల పేజీల స్వరరచన సంగతేమిటి? అందుకే నొటేషన్ సాఫ్ట్‌వేర్ కోసం వెతికేవాళ్లు హంగులు లెక్కపెట్టే ముందు, ఇందులో రాసింది రేపు మరోదానిలో తెరుచుకుంటుందా అని చూసుకోవాలి.

పీడీఎఫ్ తీసి పెట్టుకుంటే చాలదా అని కొందరంటారు. అచ్చు వేసుకోవడానికి చాలు, మార్చుకోవడానికి చాలదు. నొటేషన్ ఫైల్లో ప్రతి స్వరం స్థాయి, నిడివి విడివిడిగా నమోదై ఉంటాయి. గాయని శ్రుతి తగ్గించమంటే పాట మొత్తాన్ని ఒక్కసారిగా దించగలగడం, వయొలిన్‌కీ ఫ్లూట్‌కీ వేర్వేరు కాగితాలు తీయగలగడం దానివల్లే. పీడీఎఫ్‌లో మిగిలేది ఆ పేజీ రూపం మాత్రమే. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైలును ఇప్పుడు తెరిచి తలపట్టుకున్నవారికి ఈ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. సంగీతంలో యూనికోడ్ లాంటి పని చేసేది మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్. మైకేల్ గుడ్ రూపొందించిన ఈ ఫైలు పద్ధతి తొలి వెర్షన్ 2004లో వచ్చింది. పేరున్న నొటేషన్ సాఫ్ట్‌వేర్లన్నీ దీన్ని చదువుతాయి, రాస్తాయి. పేజీ అమరిక కాస్త చెదరొచ్చు గానీ స్వరాలు, తాళం, సాహిత్యం చాలావరకు భద్రంగా చేరతాయి. ఫినాలే వాడకందార్లకు ఇప్పుడు దిక్కయింది ఇదే. పాత ఫైళ్లున్నవారు ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తున్న కంప్యూటర్ చేతిలో ఉండగానే మార్చుకోవాలి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మార్చే ఏర్పాటు ఫినాలేలోనే ఉంది.

ఇక ఏది ఎంచుకోవాలి? ఫిన్ అనే ఇంటిపేరున్న కవల సోదరులు తయారుచేసిన నొటేషన్ సాఫ్ట్‌వేర్ సిబేలియస్ 1993లో బజారులోకి వచ్చింది. 2006లో అవిడ్ కంపెనీ చేతికి వెళ్లింది. 2012లో అవిడ్ లండన్ ఆఫీసు మూసేస్తే, అక్కడి సిబేలియస్ బృందంలో చాలామందిని స్టైన్‌బర్గ్ అనే మరో కంపెనీ పనిలోకి తీసుకుంది. వాళ్లు మొదట్నుంచీ కొత్తగా రాసి 2016లో తెచ్చిందే డోరికో. రెండూ గట్టివే. కానీ వాటి భవిష్యత్తు యజమాని నిర్ణయాల మీద ఆధారపడిందని ఈ చరిత్రే చెబుతోంది. 2002లో వెర్నర్ ష్వేర్ మొదలుపెట్టిన మ్యూజ్‌స్కోర్ దారి వేరు. ఉచితం అన్నది దాని చిన్న సుగుణం. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండటం పెద్దది. నడిపే సంస్థ తప్పుకున్నా మరొకరు అందుకోవచ్చు. ఉచితమైనది వృత్తి నిపుణులకు పనికొస్తుందా అన్న సందేహం నిన్నటిదాకా సబబే. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్ తర్వాత ఆ మాటకు బలం తగ్గింది. మీతో పనిచేసే అరేంజరో ప్రచురణకర్తో సిబేలియస్ ఫైళ్లే అడిగితే అదే కొనండి, వాదన అనవసరం. హైదరాబాద్‌లో ట్రినిటీ పరీక్షకు కీబోర్డు నేర్చుకునే పిల్లలకు, అమెరికాలో స్కూలు ఆర్కెస్ట్రాలో వాయించే తెలుగు పిల్లలకు, చర్చి గాయక బృందానికి మ్యూజ్‌స్కోర్ దండిగా సరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తికమక అంతా పేరు దగ్గరే. సాఫ్ట్‌వేర్ దొరికేది మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్‌లో. డాట్ కామ్ అన్నది ఇతరుల స్వరపత్రాలు చూసే చోటు, అక్కడ చందా అడుగుతారు. ప్రోగ్రామ్‌కే డబ్బు అడుగుతున్నారనుకుని కార్డు నంబరు ఇచ్చేయకండి. మ్యూజ్ సౌండ్స్ అనే అదనపు వాద్యధ్వనులు గిగాబైట్ల కొద్దీ ఉంటాయి. మామూలు ధ్వనులు లోపలే వస్తాయి కాబట్టి ఈ అదనపువాటిని తర్వాత చూసుకోవచ్చు. కంప్యూటర్ పాతదైతే మూడో వెర్షన్‌తో సర్దుకోవచ్చు. ఇన్‌స్టాల్ కాగానే నాలుగు బార్లు రాసి, మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎగుమతి చేసి, మరో సాఫ్ట్‌వేర్లో తెరిచి చూడండి.

కర్ణాటక సంగీతానికి ఇదంతా దేనికన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో పెట్టే ప్రయత్నం చిన్నస్వామి మొదలియార్ 1890లలోనే చేశారు. ఆయన ప్రోత్సహించిన సుబ్బరామ దీక్షితులు మాత్రం 1904లో ఎట్టయపురంలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో తెలుగు లిపినే వాడి, గమకాలకు ప్రత్యేక గుర్తులు పెట్టారు. అయిదు గీతల మీద స్వరస్థానం చూపించగలం, రెండు స్వరాల మధ్య కదలికను అంత సులువుగా చూపించలేం. వయొలిన్, కీబోర్డు వాళ్లతో కలిసి వాయించాల్సినప్పుడు ఆ గీతలు అక్కరకొస్తాయి. కీర్తనను గమకాలతో సహా భద్రపరచాలనుకునేవారికి మాత్రం ఈ సాఫ్ట్‌వేర్లకన్నా యూనికోడ్ తెలుగులో రాసిన సరిగమలు, పక్కన పాడి రికార్డు చేసిన ఆడియో ఫైలు మేలు.