కొబ్బరి మొక్క నెన్నుకొనుట

మిరపనారు చెడినచో రైతునకు నష్టమగునది ఒక పంట. కొబ్బరి మొక్క చెడినచో ఆ నష్టము ఒక తరమువఱకును వెన్నాడును. మన తీరమునందలి పొడుగు జాతి కొబ్బరి కాపునకు వచ్చుటకు సుమారు 6, 7 సంవత్సరములు పట్టును. అటుపై 60 ఏండ్లకు పైగా నిలుచును. తోటలో నూఱు చెట్లకు నాలుగు సరిగా కాయకున్నను మిగిలినవి ఆ లోటును పూడ్చును. పెరటిలో నుండునవి రెండో మూడో చెట్లు. అందొకటి చెడినచో పూడ్చునది లేదు. ఏండ్ల తరబడి నీరు పోసి పెంచిన చెట్టును నఱుకుటకు ఇంటివారికి చేయియు రాదు. వర్షారంభము మొక్కలు నాటుకాలము గావున, ఎన్నికయందు చూడవలసిన విషయములను సభ్యులకు విన్నవించుచున్నాము.

మామిడికి అంటు గలదు. అరటికి పిలక గలదు. తల్లి యెట్టిదో పిల్లయు నట్టిదే యగును. కొబ్బరికి ఈ సదుపాయము లేదు. దానికి శిరస్సున ఒక్కటే మొవ్వు. సాధారణముగా కాయనుండియే మొక్క రావలెను. అందును పొడుగు జాతియందు పుప్పొడి గాలివలనను తేనెటీగల వలనను ఇతర వృక్షములనుండి వచ్చును. తల్లి మనకు తెలియును గాని తండ్రి తెలియదు. కావుననే ఒకే చెట్టు కాయలను ఒకే మడిలో పాతినను మొక్కలన్నియు నొక తీరుగా నుండవు. మేలైన తల్లిచెట్టు అవసరమే గాని, దానితో పని ముగియదు. నారుమడిలో మొక్కను మొక్కగా పరీక్షించి ఏరవలసియున్నది. 1916లో నాటి మద్రాసు ప్రభుత్వము కాసరగోడునందు కొబ్బరి పరిశోధనాస్థానమును నెలకొల్పినది. అచ్చటి శాస్త్రజ్ఞులు నేటికిని ఇట్టి ఏరివేతనే విధించుచున్నారు.

తల్లిచెట్టును చూడ వీలున్నచో తప్పక చూడవలెను. అది 20 ఏండ్లు దాటినదై, ఏటేట తప్పక కాయుచు, పొట్టివియు బలమైనవియునగు మట్టలతో 30కి తక్కువ గాని ఆకులు గలదై, ఏడాదికి 80 కాయలకు పైగా నిచ్చునదై యుండవలెను. విత్తనపు కాయ 11, 12 నెలలు ముదిరినదై యుండవలెను. అంబాజీపేట పరిశోధనాస్థానమునుండి వెలువడిన గోదావరి గంగ వంటి సంకరజాతుల కాయలను మాత్రము విత్తనముగా వాడరాదు. సంకరపు గుణములు రెండవ తరమున చెదరిపోవును. అట్టి మొక్క కావలసినవారు సంకరమొనర్చిన చోటనే కొనవలెను.

నారుమడికి పోయినపుడు అడుగవలసిన మొదటి ప్రశ్న మొక్క వెల కాదు, కాయను పాతిన తేది. కొనువారి చూపు సహజముగా ఎత్తైన మొక్కపై పడును. వయస్సు తెలియని ఎత్తు దేనికిని ప్రమాణము గాదు. గత సంవత్సరము ఏరివేయగా మిగిలిన నీరసపు మొక్క ఈ యేడు మడిలో అన్నిటికంటె పొడవుగా కనబడవచ్చును. నీడలో గుంపుగా పెరిగిన మొక్కయు సన్నగా సాగి ఎత్తగును. ముందుగా మొలచిన మొక్కలే ముందుగా పూతకు వచ్చి మిక్కిలి కాయుట గమనింపబడినది. పాతిన 6 నెలలలోపల మొలవని కాయలను తీసివేయవలెనను నియమము అందులకే. 9 మొదలు 12 నెలల లోపు మొక్క నాటుటకు తగినది.

వయస్సు తెలిసిన పిదప మూడు గుర్తులు చూడవలెను. మొదటిది మొదలి లావు. కాయనుండి మొక్క వెలువడు చోట చుట్టుకొలత 10 సెంటీమీటర్లకు, అనగా 4 అంగుళములకు తక్కువ కారాదు. ఒక దారపు ముక్క చాలును. రెండవది ఆకుల సంఖ్య. 9 నెలల మొక్కకు 4 ఆకులు, ఏడాది మొక్కకు 6 ఆకులు ఉండవలెను. మూడవది ఆకు చీలుట. తొలి ఆకులు విడిపోక చేటవలె ఏకముగా నుండును; పిమ్మటివి రెబ్బలుగా చీలును. ఈ చీలిక తోడిమొక్కలకంటె ముందుగా కనబడిన మొక్క సత్తువ గలది.

మొవ్వాకు ఎండినదియు, లాగినంతనే ఊడివచ్చి దుర్గంధము గొట్టునదియు, ఆకులపై మచ్చలు పెచ్చుగా నున్నదియు, ఎంత లావుగా నున్నను విడువవలెను. ఎన్నిన మొక్కను పారతో వేళ్లతో కూడ త్రవ్వి తీయింపవలెనే గాని ఆకును గాని మొదలును గాని పట్టి లాగరాదు. తీసినవానిని నీడలో నుంచి త్వరలోనే నాటవలెను. గుంట 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతు గలదై, చెట్టునకు చెట్టునకు 25 అడుగుల దూర ముండవలెను.

ఇక వెలను గూర్చి ఒక మాట. శ్రద్ధగా ఏరిన నారుమడిలో పాతిన నూఱు కాయలకు మంచి మొక్కలు 60, 65కు మించి రావు. మిగిలినవానిని పాఱవేయవలసినదే. ఆ పాఱవేసినవాని ఖర్చు మంచి మొక్క వెలలో చేరియుండును. ఎక్కడనైనను మొక్క మిక్కిలి చౌకగా దొరకుచున్నదన్నచో, పాఱవేయవలసినవి అందు కలిసియున్నవేమోయని శంకింపవలెను. ఒంటరిగా పోయి ఒకటి రెండు కొనువానికి ఏరుకొను స్వతంత్రము తక్కువ. ఒక గ్రామపు సభ్యులు పదిమంది కలిసి కొన్నచో పాతిన తేదిని వ్రాతమూలముగా అడుగవచ్చును; గుర్తులకు సరిపడనివానిని మడిలోనే త్రోసిపుచ్చవచ్చును. సహకారమువలని లాభము వెల తగ్గుటలోనే కాదు, వద్దనగల బలములోనను గలదు. కావున మడికి పోవు సభ్యులు చేత ఒక దారమును, నోట ఒక ప్రశ్నను కొనిపోవలెనని కోరుచున్నాము.