ఫోన్ చేతిలో లేకపోతే సరిపోతుందా?

బండి నడుపుతూ ఫోన్ మాట్లాడకూడదని తరగతిలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు లేచి, "మా అబ్బా రోజూ మాట్లాడుతూనే నడుపుతారు సార్, ఇంతవరకు ఏమీ కాలేదు" అంటాడు. కసిరి కూర్చోబెట్టడం సులువే. కానీ ఆ మాటలో న్యాయం ఉంది. ఫోన్ మాట్లాడుతూ నడిపేవారిలో ఎక్కువమంది క్షేమంగానే ఇల్లు చేరుతున్నారు. పైగా దూకుడుగా నడిపే మనిషే ఫోన్ కూడా ఎక్కువ మాట్లాడతాడేమో! అప్పుడు ప్రమాదానికి కారణం దూకుడా, ఫోనా?

ఈ చిక్కును విడదీసిన ప్రసిద్ధ పరిశోధన ఒకటి కెనడాలోని టొరంటో నుంచి 1997లో వెలువడింది. రెడెల్‌మయర్ అనే వైద్యుడు, టిబ్షిరాని అనే గణాంక శాస్త్రవేత్త కలిసి, సెల్‌ఫోన్ ఉండి ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ రికార్డులు తెప్పించారు. మొత్తం 26,798 కాల్స్. వారు ఒకరిని మరొకరితో పోల్చలేదు. ప్రమాదానికి కాస్త ముందు ఈ మనిషి ఫోన్‌లో ఉన్నాడా, ముందు రోజు అదే వేళకు ఉన్నాడా అని అతన్ని అతనితోనే పోల్చారు. మనిషి ఒకడే కనుక వయసు, అనుభవం, దూకుడు రెండు వైపులా సమానం. అలా లెక్కకట్టితే, ఫోన్ వాడుతున్న వేళ ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని తేలింది. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, ప్రమాదం తర్వాత ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్ల మీద ఇదే పద్ధతిలో పరిశీలన చేస్తే అక్కడా దాదాపు నాలుగు రెట్లే వచ్చింది.

ఫోన్‌ను దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. టొరంటో డ్రైవర్లలో 39 శాతం మంది ప్రమాదం తర్వాత సహాయం కోసం పిలిచింది ఆ ఫోన్‌తోనే.

మన వాళ్లు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా, కారు స్పీకర్‌లో మాట్లాడినా ఈ రెండు పరిశోధనల్లోనూ ప్రమాదం తగ్గినట్టు కనిపించలేదు. చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా, మరి ఎందుకు? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో స్ట్రేయర్ బృందం నమూనా కారులో పరీక్షించి చూసింది. ఫోన్ మాట్లాడేవారు బ్రేకు ఆలస్యంగా వేశారు. దారి పక్క బోర్డుల వైపు వారి చూపు సూటిగా పడినా, తర్వాత అడిగితే చాలావాటిని గుర్తుపట్టలేకపోయారు. టీచర్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. కళ్లు బ్లాక్‌బోర్డు మీద, మనసు ఆటస్థలంలో ఉన్న పిల్లలను ముప్ఫై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాం.

పక్క సీట్లో కూర్చున్నవారితో మాట్లాడితే మాత్రం పరవాలేదా అని అడుగుతారు. పక్కనున్న మనిషికి ఎదురుగా వచ్చే లారీ కనిపిస్తుంది. మాట ఆపుతాడు, ఒక్కోసారి "చూసుకో" అని అరుస్తాడు కూడా. ఫోన్ అవతలి మనిషికి లారీ కనిపించదు. జవాబు రాకపోతే "హలో, హలో" అంటాడు.

అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదన్నది కూడా నిజం. కాలిఫోర్నియాలో రాత్రి 9 దాటగానే కాల్ ధరలు తగ్గే రోజుల్లో, ఆ వేళకు డ్రైవర్ల కాల్స్ 7 శాతం పెరిగినా ప్రమాదాలు పెరగలేదని ఇద్దరు ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించారు. మాట్లాడేటప్పుడు కొందరు వేగం తగ్గించి జాగ్రత్తపడుతూ ఉండవచ్చు. విశాలమైన రోడ్ల మీద అది కుదురుతుందేమో. సందులోంచి ఆటో, డివైడర్ మీంచి గేదె వచ్చే మన దారుల్లో ఆ లెక్కను నమ్ముకోలేం. మెసేజ్‌ల విషయంలో అయితే ఇంత తర్జనభర్జన లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతూ 5 సెకన్లు తెర చూస్తే, బండి 80 మీటర్లకు పైగా చూపు లేకుండా వెళ్లినట్టే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రభుత్వ లెక్కల్లో అందులో ఫోన్ వాటా రెండు శాతమే, అతివేగం వాటా 71 శాతం. కానీ ఫోన్ మాట్లాడుతూ వేగంగా వెళ్లి గుద్దినవాడు ఏ గడిలోకి వెళతాడు? "ఫోన్‌లో ఉన్నాను" అని ఎవరు ఒప్పుకుంటారు? అందుకే ఆ రెండు శాతాన్ని మేము కనీసపు లెక్కగానే చూస్తాం. పై పరిశోధనలు ఎక్కువగా కార్ల మీద జరిగినవి. మన దగ్గర హెల్మెట్ సందులో ఫోన్ దోపుకుని మెడ వంచి బైకు నడిపేవారే ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చేత్తో ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పేర్కొని, మొదటిసారికే 5,000 రూపాయల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పెట్టింది. అది చేతి గురించి మాట్లాడుతుంది. మనసు ఎక్కడుందో ఏ కానిస్టేబుల్ చూడగలడు?

మన సొసైటీకి సంబంధించిన మాట కూడా ఇక్కడే ఉంది. రంజాన్ నెలలో చందాల కోసం, స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం మన కార్యకర్తలు దాతలకు ఫోన్ చేసేది ఎక్కువగా దుకాణం కట్టేసి ఇంటికి బయలుదేరే వేళకే. ఈ ఏడాది నుంచి సలాం చెప్పిన వెంటనే "బండి మీద ఉన్నారా?" అని అడగమని, అవునంటే అక్కడితో పెట్టేయమని వారిని కోరుతున్నాం. అలా కాల్ మధ్యలో ఆగిపోతే దాతలు మర్యాద తప్పిందని అనుకోవద్దు. అరగంట ఆగి మళ్లీ చేస్తారు.