పాత లాప్‌టాప్‌లో లైనక్స్: ఏ పార్ట్ కొనాలి, ఏది వద్దు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో పాత ప్రాసెసర్లను అధికారికంగా తీసుకోదు. అందుకే చాలామంది లైనక్స్ మింట్ వేసుకుంటున్నారు. ఇన్‌స్టాల్ చేయడం పెద్ద కష్టం కాదు. డబ్బులు పోయేది ఆ తర్వాత పార్టులు కొనేటప్పుడే.

మా బాబాయి కూతురిదే తీసుకోండి. డిగ్రీ సెకండ్ ఇయర్. లాప్‌టాప్ 2013 నాటిది: థర్డ్ జెన్ ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. వైఫై పూర్తిగా పోయింది. "అన్నయ్యా, నా దగ్గర 3,000 ఉన్నాయి, ముందు ఏం కొనను?" అంది. పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అది.

ముందు ఎస్ఎస్‌డీ. దీంట్లో డ్రైవర్ గొడవే లేదు, సాటా డిస్క్ ఏదైనా లైనక్స్ గుర్తుపడుతుంది. 2.5 అంగుళాల సాటా అని చూసి తీసుకోండి. బబుల్‌గమ్ స్ట్రిప్‌లా ఉండే ఎన్‌వీఎంఈ ఈ లాప్‌టాప్‌లో పట్టదు. కొత్త డిస్కులు 7 మిల్లీమీటర్ల మందం, పాత ట్రేలు చాలావరకు 9.5కి చేసినవి. అందుకే డబ్బాలో ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉంటే పారేయకండి.

ర్యామ్ అయితే డీడీఆర్3ఎల్, లాప్‌టాప్ సైజుది. ఎల్ అంటే 1.35 వోల్టులు. అది 1.5 వోల్టుల పాత స్లాట్‌లోనూ పనిచేసేలా తయారైనదే. రివర్స్‌లో గ్యారంటీ లేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, వైఫై. విండోస్‌లో డ్రైవర్ కంపెనీ ఇస్తుంది. లైనక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. మీ చిప్ డ్రైవర్ అందులో ఉంటే గుచ్చగానే పనిచేస్తుంది. లేకపోతే ఎవరో గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్ తెచ్చి కంపైల్ చేసుకోవాలి. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు అది మళ్లీ మొరాయించొచ్చు. పైగా ఆ కోడ్ డౌన్‌లోడ్ చేయడానికి నెట్ కావాలి, మనకి లేనిదే అది! (ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, మామూలుగా నెట్ వచ్చేస్తుంది.)

అందుకే అడాప్టర్ కొనేటప్పుడు డబ్బా మీద మోడల్ పేరు చూసి మోసపోవద్దు, లోపలి చిప్ ఏంటో కనుక్కోండి. టీపీ లింక్ 722ఎన్ అని ఫేమస్ అడాప్టర్ ఉంది. వెర్షన్ 1లో అథెరోస్ చిప్, వెర్షన్ 2 నుంచి రియల్‌టెక్. పేరు అదే, లోపల వస్తువు వేరు. పాత రివ్యూ చదివి కొత్త వెర్షన్ కొంటే ఆ రివ్యూ మీకు పనికిరాదు.

నా ఓటు మీడియాటెక్ ఎంటీ7610యూ లేదా ఎంటీ7612యూ చిప్‌లకి. వీటి డ్రైవర్ 2018లో, 4.19 నుంచే కెర్నల్‌లో ఉంది. రియల్‌టెక్ 8812ఏయూ అయితే 2025లో వచ్చిన 6.14 కెర్నల్ దాకా లోపల లేదు. మింట్ 22 మొదట వచ్చింది 6.8తో. అంటే అదే అడాప్టర్ ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడం మామూలే.

లోపలి వైఫై కార్డే మారిస్తే పోలా అంటారా? కొన్ని పాత లాప్‌టాప్‌ల బయాస్ తన లిస్టులో లేని కార్డుని ఒప్పుకోదు, బూట్ కూడా అవ్వదు. యూఎస్‌బీతో ఆ రిస్క్ లేదు.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట కొంటుంటే, పెన్‌డ్రైవ్‌లో లైవ్ మింట్ వేసుకుని లాప్‌టాప్ కూడా తీసుకెళ్లండి. షాపులోనే అడాప్టర్ గుచ్చి, టెర్మినల్‌లో ఎల్, ఎస్, యూ, ఎస్, బీ కలిపి కొట్టండి. చాలాసార్లు చిప్ పేరు అక్కడే కనిపిస్తుంది. నెట్‌వర్క్‌ల లిస్టు కూడా వస్తే అప్పుడే డబ్బులివ్వండి. షాపతను కొంచెం విసుక్కుంటాడు, పర్లేదు.

చెల్లికి ఎస్ఎస్‌డీ, మీడియాటెక్ అడాప్టర్ తీసుకోమన్నాను. ర్యామ్ వచ్చే నెల. 4 జీబీతో బ్రౌజర్‌లో ట్యాబ్‌లు తక్కువ తెరిస్తే క్లాసులు నడుస్తాయి.

ప్రింటర్ల సంగతి పెద్దది, దానికి వేరే వీడియో చేస్తాను. ఉంటాను మరి, బై!