ఫుజి అందం నిప్పు పెట్టిన భిక్ష

ఫుజి పర్వతాన్ని యునెస్కో 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది, అదీ ప్రకృతి విభాగంలో కాదు, సాంస్కృతిక విభాగంలో. 3,776 మీటర్లతో జపాన్‌లోకెల్లా ఎత్తయిన కొండకు ఇదేం గుర్తింపని అనిపించవచ్చు. కానీ ఫుజి దగ్గర ప్రకృతికీ సంస్కృతికీ మధ్య గీత గీయడం కుదరదు. జనం ఆ కొండకు మొదట మొక్కింది అందం చూసి కాదు, భయపడి. 864లో అది బద్దలైనప్పుడు లావా వాయవ్యంగా పారి సెనౌమి అనే పెద్ద సరస్సును చాలావరకు పూడ్చేసింది. మిగిలిన నీళ్లే నేటి సాయికో, షోజికో సరస్సులు. చల్లారిన లావా మీద పెరిగిందే అవోకిగహారా అడవి. మరుసటి ఏడాదే కాయ్ ప్రాంతంలో కొండదేవతకు గుడి ఏర్పాటు చేయమని రాజాజ్ఞ వెలువడింది. అమ్మవారు ఆగ్రహించిందని జాతర చేసే మన ఊళ్లకు ఈ తర్కం కొత్తేమీ కాదు.

మూలం భయమే అయితే చిత్రకారుడు హొకుసాయి బొమ్మల్లో అంత ప్రశాంతత ఎక్కడిదని అడగవచ్చు. 1830ల్లో వచ్చిన ఆయన ‘ఫుజి ముప్పై ఆరు దృశ్యాలు’ (పేరుకే ముప్పై ఆరు, బొమ్మలు నలభై ఆరు) ఆ కొండను లోకానికి చూపించిన మాట నిజమే. అయితే ఆయన గీసిన ఆ వాలును మలిచింది నిప్పే. జపాన్‌లో చాలా అగ్నిపర్వతాలు చిక్కటి ఆండిసైట్ లావాను కక్కితే, ఫుజి ఎక్కువగా కక్కింది పలుచగా పారే బసాల్ట్‌ను. బూడిద, రాళ్లు ఒక పొర, వాటిమీద లావా మరో పొర, ఇలా వేల ఏళ్లు పేరుకుని, అంతకుముందున్న కొండల్ని కడుపులో దాచుకుని ఈ శిఖరం లేచింది. ఆ పొరల్లోకి ఇంకిన మంచునీరే దిగువన ఒషినోలో ఊటలుగా పైకొస్తుంది. కొండెక్కే యాత్రికులు అక్కడే స్నానం చేసి శుద్ధి పొందేవారు.

ఇప్పుడు వెళ్లేది భక్తులు కాదు, ఫొటోల కోసం ఎగబడే పర్యాటకులేనన్నది మరో వాదన. రద్దీ తట్టుకోలేక యమనాషి ప్రాంతీయ ప్రభుత్వం 2024లో తన వైపు దారికి రుసుము పెట్టి, రోజుకు 4,000 మందికే అనుమతి ఇచ్చింది కూడా. కానీ భక్తి, వినోదం పూర్వమూ కలిసే నడిచాయి. 1707లో ఫుజి పేలి, నేటి టోక్యో అయిన ఎదో నగరం మీద బూడిద కురిసింది. అదే శతాబ్దంలో అదే నగరంలో ఫుజి భక్త సంఘాలు వెల్లివిరిశాయి. ఆడవాళ్లకు 1872 దాకా శిఖరం నిషేధం కాబట్టి, ఫుజి లావా రాళ్లతో ఊళ్లోనే చిన్న గుట్టలు కట్టి ఎక్కేవారు. నేటికీ కొండదారిలో ఎనిమిదో మజిలీకి పైనున్న నేల చాలా మటుకు కొండదేవత కొలువైన సెంగెన్ ఆలయానిదే. 1707 తర్వాత ఫుజి మళ్లీ పేలలేదు. అయినా జపాన్ వాతావరణ సంస్థ దాన్ని సజీవ అగ్నిపర్వతంగానే లెక్కగట్టి, రాత్రీపగలూ కనిపెడుతోంది.