తల వంచిన జీపు

పిల్లలూ!

మీలో ఎడ్లబండి ఎక్కినవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే వుంటారు. కాని బండి తోలిన పెద్దవాళ్ళను ఎవరినైనా అడగండి, ఒక సంగతి తప్పకుండా చెబుతారు. బండిలో ధాన్యం బస్తాలు ఎక్కడ పడితే అక్కడ వెయ్యరు. అన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడలను అణగదొక్కుతుంది. అన్నీ వెనక్కు వేస్తే కాడి పైకి లేచి, ఎద్దుల గొంతుల కింది పలుపులు బిగుసుకుంటాయి. బస్తాలు అవే, బరువూ అదే. చోటు మారితే ఫలితం మారిపోయింది!

ఈ చిన్న సంగతి మరిచిపోయి మా మేనల్లుడు ఒకసారి చిక్కులో పడ్డాడు. ఆ కథ చెబుతాను వినండి.

వాడికి అడవి దారుల్లో తిరగడమంటే సరదా. మారేడుమిల్లి కొండల వైపు వెళ్ళాలని ఒక పొట్టి జీపు కొన్నాడు. దాని ముందు లావుపాటి ఇనుప బంపరు బిగించాడు. బంపరుకు ముందు ఇనుప గార్డు, దానితోపాటు ఒక వించి కూడా పెట్టించాడు. వించి అంటే ఏమిటో తెలుసా? బండి బురదలో దిగబడినప్పుడు దాని ఉక్కు తాడును గట్టి ఆధారానికి కట్టి మర తిప్పితే, తాడు చుట్టుకుంటూ బండి తనను తానే బయటికి లాక్కుంటుంది.

జీపు తెచ్చి మా ఇంటి ముందు నిలిపి, "ఎలా వుంది, మామయ్యా?" అన్నాడు.

"బాగానే వుందిరా. కాని గడ్డి మేసే ఎద్దులా తల వంచుకున్నదేం?" అన్నాను.

"అన్నీ కలిపి 80 కిలోలేగా! లోపల ఒక మనిషి ఎక్కినట్టే కదా!" అన్నాడు వాడు.

ఒక మనిషి లోపల కూచోవటమూ, అదే బరువు చక్రాలకు ముందు వేలాడటమూ ఒకటేనా? కాదు. కావాలంటే మీరే పరీక్ష చేసి చూడండి.

ఒక 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. 5వ గీత దగ్గర ఒకటి, 25వ గీత దగ్గర ఒకటి, రెండు సన్నని రబ్బరు బాండులు తగిలించి స్కేలును వేలాడదీయండి. 5వ గీత ముందు ఇరుసు, 25వ గీత వెనక ఇరుసు అనుకోండి. నడుమ 15వ గీత దగ్గర ఆరు పెన్సిళ్ళ కట్ట కట్టండి. అది బండి బరువు. ఇప్పుడు ఎనిమిది రూపాయి బిళ్ళలు చిన్న గుడ్డలో మూటగట్టి 5వ గీత దగ్గర వేలాడదీయండి. ముందు బాండు సాగుతుంది, వెనక బాండు కదలదు. తరువాత ఆ మూటనే స్కేలు మొదటికి జరపండి. ముందు బాండు ఇంకా సాగుతుంది. అంతేకాదు, వెనక భాగం పైకి లేస్తుంది!

ఇప్పుడు లెక్క చూద్దాం. 1941 నాటి పాత సైనిక జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2 మీటర్ల కన్న కొంచెం ఎక్కువ. లెక్క తేలికగా వుండటానికి మన జీపుకు సరిగ్గా 200 సెంటీమీటర్లు అనుకుందాం. 80 కిలోల బరువు ముందు ఇరుసుకు 50 సెంటీమీటర్లు ముందున్నది. అంటే వెనక ఇరుసు నుంచి 250 సెంటీమీటర్ల దూరం. 80ని 250తో హెచ్చవేసి 200తో భాగించండి. ఎంత వచ్చింది? 100! పెట్టింది 80 కిలోలైనా ముందు ఇరుసు మీద 100 కిలోలు పడింది. ఆ ఎక్కువ 20 కిలోలు ఆకాశం నుంచి రాలేదు. వెనక చక్రాల మీది నుంచి వచ్చాయి. వెనక చక్రాలు తేలికైతే నేలమీద వాటి పట్టు తగ్గుతుంది.

బరువు పెరిగితే స్ప్రింగు ఎంత కుంగుతుంది? ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి కనిపెట్టాడు. ఎవరైనా తన ఆలోచన కాజేస్తారని కాబోలు, 1676లో దాన్ని తారుమారు చేసిన అక్షరాల పొడుపుకథగా అచ్చువేశాడు. 1678లో దాని అర్థం తానే విప్పి చెప్పాడు: స్ప్రింగు ఎంత సాగితే దాని బలం అంత. రెట్టింపు బరువు వేస్తే రెట్టింపు సాగుతుంది, లేక రెట్టింపు కుంగుతుంది.

మన జీపులో ఒక్కొక్క స్ప్రింగు 20 కిలోలకు 1 సెంటీమీటరు చొప్పున కుంగుతుందనుకోండి. ముందు రెండు స్ప్రింగులూ తలా 50 కిలోలు మోస్తూ రెండున్నర సెంటీమీటర్లు కుంగుతాయి. వెనక స్ప్రింగులు అర సెంటీమీటరు లేస్తాయి. మొత్తం తేడా 3 సెంటీమీటర్లు.

"ఇంతేనా!" అంటారా? ఆగండి. నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున వుండే హెడ్‌లైటును, 100 మీటర్లకు 1 మీటరు దిగేటట్టు వాల్చి బిగించారనుకోండి. దాని వెలుగు 80 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. జీపు తల వంచాక అదే వెలుగు సుమారు 31 మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 31 మీటర్లు దాటటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలో చీకట్లో రోడ్డు దాటే మనిషిని చూసి, బ్రేకు వేసి, బండి ఆపటం సాధ్యమా? అందుకే ఆ 3 సెంటీమీటర్లు చిన్నవి కావు.

ఈ మాట విని మా వాడు ఒక షెడ్డుకు వెళ్ళాడు. అక్కడ ముందు స్ప్రింగుల మీద దిమ్మలు పెట్టి తల పైకి లేపారు. చూడటానికి జీపు సమంగానే నిలిచింది. కాని గుంతలో పడగానే ముక్కు మునిగి, మూడుసార్లు ఊగి గాని నిలవలేదు! కారణం ఏమిటి? దిమ్మ ఎత్తు ఇస్తుందే గాని బలం ఇవ్వదు. ఎత్తు పీట మీద నిలబెట్టినంత మాత్రాన బలహీనుడు మల్లుడవుతాడా?

అప్పుడు ఇద్దరం కూచుని వరసగా ఆలోచించాం.

మొదటి ప్రశ్న: ఈ బరువంతా కావాలా? 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, కార్ల ముందు బిగించే ఇనుప గార్డులు చట్టవిరుద్ధమనీ, నడిచేవారికి ప్రమాదకరమనీ రాష్ట్రాలకు రాసింది. అందుచేత గార్డు తీయించాం. 30 కిలోలు తగ్గింది. మిగిలిన బంపరుకూ వించికీ ఏమైనా అభ్యంతరం వుందేమో రవాణా ఆఫీసులో అడిగి రమ్మన్నాను.

రెండవది, తూకం. లారీలు తూచే కాటా మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి నిలిపి తూచాం. ఒక్కొక్క ఇరుసు ఎంత బరువు మొయ్యవచ్చో బండితో ఇచ్చే పుస్తకంలో వుంటుంది. ఆ హద్దు దాటితే ఎంత గట్టి స్ప్రింగు వేసినా తప్పే.

మూడవది, కొలత. బండిని చదునైన నేలమీద నిలిపి, నాలుగు టైర్లకూ తగినంత గాలి పట్టి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుదాకా నాలుగు చోట్లా కొలిచి రాసుకున్నాం.

ఆ తరువాతనే మంచి మెకానిక్ ఆ తూకానికి తగిన గట్టి స్ప్రింగులూ, వాటికి సరిపడే షాక్ అబ్సార్బర్లూ వేశాడు. మరీ గట్టివి వేస్తే బండి ఎగిరెగిరి పడుతుంది, చక్రాలు నేలను వదులుతాయి. చివరికి చక్రాల వాలునూ హెడ్‌లైట్ల చూపునూ కూడా సరిచేశాడు. పిల్లలూ, ఈ పని మాత్రం మీరు ఎన్నడూ ముట్టుకోకూడదు. నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీయగలదు.

ఆ రాత్రి మా వాడు జీపు లైట్లు వేసి చూపించాడు. వీధి చివరి రావిచెట్టు మొదలు చక్కగా కనిపించింది.

"80 కిలోలేగా అనుకున్నాను, మామయ్యా!" అన్నాడు.

"ఎంత బరువు అని ఒక్కటే అడిగితే చాలదురా, ఎక్కడ అని కూడా అడగాలి," అన్నాను.

పిల్లలూ, మీకొక లెక్క. గార్డు తీసేశాక మిగిలింది 50 కిలోలు. అది కూడా ఇరుసుకు 50 సెంటీమీటర్ల ముందే వుంటే, ముందు ఇరుసు మీద ఎంత బరువు పెరుగుతుంది? 62 కిలోలన్నర వచ్చిందా? అయితే మీకు పాఠం బాగా తెలిసినట్టే!